మొదటి సాలారుజంగు – న్యాయస్థానమును, గడీయు

ఒక రాజ్యమునందు న్యాయ మెట్లున్నదో తెలిసికొనవలెనన్న రాజధానిలోని న్యాయస్థాన భవనమును జూచిన జాలదు. ఆ భవనమునుండి వెలువడిన తీర్పు ఊరి పొలిమేర దాటి పేదవాని చేనిగట్టు వరకు నడచిపోవుచున్నదా, లేక నడుమ నెవరి గుమ్మము ముందైన ఆగి చేతులు కట్టుకొని నిలుచుచున్నదా యని చూడవలెను. తెలంగాణమున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రములైనవి. 2022 జూన్ 2వ తేదీన కొత్త జిల్లాలకు జిల్లా న్యాయస్థానములును ఏర్పడినవి. ఒకప్పుడు జనగామ రైతు తన వ్యాజ్యమునకు నల్లగొండకును, మానుకోట రైతు వరంగల్లునకును పోవలసియుండెను. నేడు న్యాయాధిపతి వారి ముంగిటికే వచ్చినాడు. ఈ మార్పు చిన్నది గాదు. అయినను ఇట్టి మార్పు తెలుగుదేశపు ఈ భాగమునకు మొదటిసారి వచ్చినది గాదు. నూట యరువది ఏండ్లకు పూర్వమే యొక మంత్రి జిల్లాలను గీచి, న్యాయాధికారులను నియమించి, పోలీసును కూర్చెను. ఆయనయే మొదటి సాలారుజంగు. ఆయన చేసిన దేమి, చేయలేనిదేమి యని విచారించుట నేటి పాఠకునకు ప్రయోజనకర మని మేము తలంచుచున్నాము.

ఆయన యసలు పేరు మీర్ తురాబ్ అలీఖాను. 1829వ సంవత్సరమున జన్మించెను. ఆ వంశము దివానుల వంశము. ముత్తాత మీర్ ఆలము, తాత మునీరుల్ముల్కు, పినతండ్రి సిరాజుల్ముల్కు, మువ్వురును నిజాముల కొలువున దివాన్గిరీ నెరపినవారే. తండ్రి చిన్ననాడే గతించుటచే బాలుడు తాతయొద్దను, పినతండ్రియొద్దను పెరిగెను. పారసీకము, అరబ్బీ నేర్చెను. ఆంగ్లమునందును తగిన పరిచయము సంపాదించెను. పందొమ్మిదేండ్ల ప్రాయమున ఖమ్మము తాలూకాదారుగా కొన్ని నెలలు పనిచేసెను. అంతకు పూర్వము ఆ ప్రాంతమును డైటన్ అను ఆంగ్లేయుడు నిర్వహించుచుండెను. వసూలు లెక్క లెట్లు వ్రాయవలెనో, రైతుతో ఒడంబడిక యెట్లు చేసికొనవలెనో ఆ యువకు డచ్చట కన్నులార చూచెను. నేటి మానుకోట సీమకు ఖమ్మము పొరుగు. రాజధానిలోని దేవిడీల నడుమ పెరిగిన యా యువకునకు తెలుగు పల్లెతో కలిగిన ప్రత్యక్ష పరిచయ మీ కొద్ది నెలలే యనవచ్చును. ఆయన పిమ్మటి పనులలోని మంచికిని, కొరతకును ఈ స్వల్ప పరిచయము కొంతవరకు కారణమని మా యభిప్రాయము.

ఆనాటి రాజ్యస్థితిని తలచుకొనినగాని ఆయన పని విలువ తెలియదు. చందూలాలు కాలమునుండి ఖజానా అప్పులలో మునిగియుండెను. పామరు కంపెనీవారి వడ్డీ యొకవైపు, హైదరాబాదు కంటింజెంటు సేనకై ఆంగ్లేయులు కోరు సొమ్ము మరియొకవైపు రాజ్యమును పిండివేయుచుండెను. భూమిశిస్తును వసూలుచేయు హక్కు గుత్తకు అమ్ముడుపోయెడిది. ఎక్కువ సొమ్ము ఒప్పుకొనినవానికి తాలూకా దక్కెడిది. రేపు మరియొకడు నాలుగు రూపాయ లెక్కువ పాడిన ఆ తాలూకా చేయి మారెడిది. కావున గుత్తదారు తన కాలము తీరకమున్నే రైతునొద్దనున్న దంతయు లాగుకొనవలె ననియే చూచెడివాడు. అతడే వసూలుదారు, అతడే దండనాధికారి. ఎవనిపై మొర పెట్టుకొనవలెనో వానియొద్దనే మొర పెట్టుకొనవలసిన దుస్థితి రైతునకు పట్టెను.

అప్పిచ్చిన అరబ్బు, రొహిల్లా జమాదారుల చేతులలో కొన్ని తాలూకాలు తాకట్టుపడియుండెను. నగరమునందు ఆ జమాదారులు బాకీదారులను తామే పట్టుకొని తమ యిండ్లలోనే బంధించెడివారు. రాజు కారాగార మొకటి, జమాదారుని కారాగార మొకటి. బంధించు నధికారము ఎవని చేతనుండునో వాడే రాజు గదా! హైదరాబాదు రాజ్యమున అట్టి రాజులు పలువురుండిరి. శిక్షించు నధికారము ప్రభుత్వ మొక్కదానికే చెందవలె నన్న సూత్రము నేడు సామాన్యముగా తోచును. ఆనాడది సాహసము.

1853 మే నెలలో ఆంగ్లేయులు సేనాభృతి బాకీల నెపమున బీరారును తమ స్వాధీనము చేసికొనిరి. ఆ సంధి జరిగిన కొద్ది దినములకే సిరాజుల్ముల్కు మరణించెను. మే 31వ తేదీన ఇరువదినాలుగేండ్ల సాలారుజంగు దివానుగా నియుక్తుడయ్యెను. సారవంతమైన సీమ చేజారెను, ఖజానా ఖాళీ, సైన్యమునకు జీతములు లేవు. అప్పుడాయన మొదట చేసిన పని నగరములోని సాహుకారుల విశ్వాసమును సంపాదించుట. మాట యిచ్చిన దినమున సొమ్ము చెల్లించుట రాజ్యమునకు నేర్పెను. ఆ పరపతితో తాకట్టుపడిన తాలూకాల నొక్కొక్కదానిని విడిపించెను. గుత్తదారులను క్రమముగా తొలగించి, జీతము పుచ్చుకొను తాలూకాదారులను నియమించెను. అరబ్బు జమాదారుల యధికారమును ఒక్కసారిగా కత్తితో కోయక, కొంత బుజ్జగించి, కొంత భయపెట్టి కుదించెను. ఇది యావేశపరుని పని గాదు, లెక్కల నెరిగినవాని పని.

ఇచ్చట 1857 నాటి వృత్తాంతమును దాటిపోరాదు. ఆ యేటి జూలై 17వ తేదీన తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకులుగా హైదరాబాదు ప్రజలు రెసిడెన్సీపై దాడి వెడలిరి. సాలారుజంగు ఆంగ్లేయుల పక్షము వహించెను. దాడి విఫలమయ్యెను. తుర్రేబాజుఖాను 1859లో కాల్చి చంపబడెను. అతని శవమును బహిరంగముగా వ్రేలాడగట్టిరి. అల్లావుద్దీను అండమానునకు పంపబడి అచ్చటనే మరణించెను. స్వాతంత్ర్యమును ప్రేమించువాడెవడును ఈ యధ్యాయమును సంతోషముతో చదువజాలడు. నాటి దివాను తన రాజ్యము మిగులుటకై యట్లు చేసెనని కొందరు సమర్థింతురు. ఆ రాజ్యము మిగిలిన మాట నిజమే. 1860 నాటి సంధిచే రాయచూరు, నల్దుర్గము తిరిగివచ్చినవి, యాబది లక్షల యప్పు మాఫీ యయ్యెను. కాని బీరారు రాలేదు. దాని కొరకు ఆయన తక్కిన జీవితమంతయు ప్రాధేయపడవలసివచ్చెను. పరప్రభుత్వ మిచ్చు కృతజ్ఞత యెంత కొలతలో నుండునో ఆయన స్వానుభవముననే నేర్చుకొనెను. ఈ తీర్పును మేము మెత్తపరుపము; అట్లని ఆయన తక్కిన జీవితమును దీనితో కప్పివేయను లేము.

ఇక న్యాయపాలనము. సాలారుజంగు నగరమునందు దివానీ, ఫౌజుదారీ న్యాయస్థానములను క్రమబద్ధము చేసెను. వానిపై అప్పీలు వినుటకు ఉన్నత న్యాయస్థానమును నిలిపెను. జిల్లాలయందు మున్సిఫులను, మీర్ ఆదిలులను నియమించెను. 1865 మొదలు రెండు మూడేండ్లలో జరిగిన జిలాబందీ యాయన పనులన్నిటిలోను పెద్దది. రాజ్యమంతయు సుబాలుగా, జిల్లాలుగా, తాలూకాలుగా విభజింపబడెను. జిల్లాకు అవ్వల్ తాలూకాదారు, ఆతని క్రింద దోయం, సోయం తాలూకాదార్లు, తాలూకాకు తహసీలుదారు, అందరును జీతగాండ్రు. పంటలో పాలు పంచుకొను బటాయి పద్ధతి పోయి శిస్తు రొక్కముగా చెల్లించు పద్ధతి వచ్చెను. 1867 ప్రాంతమున జిల్లాలకు వేరుగా పోలీసుశాఖ కూర్పబడెను. తరువాత సదరుల్మహాములను నలుగురు మంత్రులు దివాను క్రింద నేర్పడిరి. న్యాయశాఖ యొకరికి, రెవిన్యూ యొకరికి, పోలీసు మరియొకరికి, విద్యా వైద్యాది శాఖలు నాలుగవవానికి.

ఈ పనుల విలువను పొరుగుతో పోల్చి చూడవలెను. అదే దశాబ్దమున ఆంగ్లేయుల పాలనలోని తెలుగు జిల్లాలకు 1860 నాటి శిక్షాస్మృతియు, 1861 నాటి క్రిమినలు విచారణ చట్టమును, 1862లో మదరాసు హైకోర్టును వచ్చినవి. వెనుక నొక సామ్రాజ్యము, న్యాయశాస్త్ర పండితులు, ఏండ్లకొలది నడచిన కమీషన్లు ఆ చట్టములకు తోడై యుండెను. హైదరాబాదునం దట్టి సహాయము లేదు. పైగా అఫ్జలుద్దౌలా నిజాము దివానును అనుమానముతోనే చూచుచుండెను. ప్రభువు అనుజ్ఞ లేనిదే నగరము విడిచి పోవుటకైనను ఆయనకు వీలులేకుండెను. 1861లోను, 1867లోను ఆయనను తొలగించుటకు కుట్రలు జరిగినవి. 1859లోను, 1868లోను ఆయన ప్రాణముపైననే దెబ్బ తీయబోయిరి. ఇట్టి బంధనములలో గూర్చుండి, తన కంటికి గానరాని జిల్లాలను కాగితముపై నిర్మించిన దివాను ప్రజ్ఞ సామాన్యమైనది కాదు. ఆ జిల్లాలు ఆయన కంటికి గానరాకుండుటయే ఆ నిర్మాణమునందలి లోపమును కూడ సూచించుచున్నది.

ఆ లోపములను నాలుగుగా మేము గణింతుము. మొదటిది, శిస్తు వసూలుచేయు తాలూకాదారుని చేతనే నేరములను విచారించు నధికారమును ఉండుట. గుత్తదారు పోయెను గాని, వసూలును దండనయు ఒక్క పీఠముపైననే కూర్చుండెను. ఇది హైదరాబాదునకు మాత్రమే పట్టిన దోషము గాదు. ఆంగ్లేయుల జిల్లాలలో కలెక్టరే మేజిస్ట్రేటు. ఈ రెండధికారములను వేరుచేయుడని కాంగ్రెసు తన మొదటి యేండ్లనుండియు కోరుచునే వచ్చెను, ఆంగ్ల ప్రభుత్వము వినలేదు. హైదరాబాదు రాజ్యమున మాత్రము 1921లో, సర్ అలీ ఇమాము కార్యనిర్వాహక సభాధ్యక్షుడుగా నున్న కాలమున, న్యాయశాఖ రెవిన్యూనుండి వేరుచేయబడెను. ఈ విషయమున దేశీయ సంస్థానము బ్రిటిషు ఇండియాకంటె ముందడుగు వేసినదని యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

రెండవది, భాష. సాలారుజంగు కాలమున న్యాయస్థానముల భాష పారసీకము. ఆయన దానిని మార్చుట కిష్టపడలేదు. ఆయన మరణానంతరము 1880 దశకమున ఉర్దూ ఆ స్థానము నాక్రమించెను. జనగామ రైతునకు రెండును ఒక్కటియే. తన ఫిర్యాదులో నేమి వ్రాసిరో తానెరుగడు, ప్రతివాది యేమి చెప్పెనో యెరుగడు, తీర్పు చదివినప్పుడు తాను గెలిచెనో యోడెనో వకీలు ముఖము చూచి తెలిసికొనవలెను. భాష తెలియని న్యాయస్థానము ముందు నిలుచుట చీకటిలో వాదించుట వంటిది. ఆ చీకటిలో వెలుగు చూపుదుమను నెపమున మధ్యవర్తులు బలిసిరి. ఊరిలో ఉర్దూ వచ్చినవాడెవడు? దేశముఖు గుమాస్తా, పట్వారీ. కావున రైతు ఎవనిపై ఫిర్యాదు చేయవలెనో వానిచేతనే ఫిర్యాదు వ్రాయించుకొనవలసి వచ్చెను.

మూడవది, పల్లెలోని యధికారము. ఇదియే యన్నిటిలోను పెద్ద లోపము, అందుచే కొంత నిలిచి చెప్పవలసియున్నది. గుత్తల కాలమున దేశముఖులు, దేశపాండ్యాలు పరగణాలలో వసూలునకు తోడ్పడెడివారు. జిలాబందీతో వారి పని పోయెను. పని పోయినను, తరతరముల హక్కును ఊరక తీసివేయరాదని ప్రభుత్వము వారికి రుసుములను నిర్ణయించెను. పని లేక యాదాయము కలిగెను. అంతకుమించి భూమి లెక్కలన్నియు వారికే తెలియును. తరువాత భూమి సర్వే తెలంగాణమునకు వచ్చినప్పుడు మంచి భూములు పలుచోట్ల వారి పేరనే పట్టాలకెక్కినవి. దున్నినవాడు కాగితములలో కౌలుదారుడయ్యెను, కౌలుదారుడు కొన్నాళ్లకు జీతగాడయ్యెను. ఊరిలోని మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ యుద్యోగములు వంశపారంపర్యములు. అవి దేశముఖుల యింటివారికో, వారి కనుసన్నల మెలగువారికో దక్కెడివి.

పోలీసుపటేలు సంగతి ప్రత్యేకముగా గమనింపవలెను. ఊరిలో దొంగతనము జరిగిన, కొట్లాట జరిగిన, పీనుగు కనబడిన ఠాణాకు మొదట తెలుపవలసినవాడు అతడే. అనగా క్రిమినలు న్యాయమను గొలుసునకు మొదటి కొక్కె మతడు. పైనున్న జడ్జి యెంత విద్వాంసుడైన నేమి, ఎంత నిష్పక్షపాతి యైన నేమి? ఏ నేరము తనయొద్దకు రావలెనో, ఏది రాకూడదో గడీ వాకిటనే నిర్ణయమగుచున్నప్పుడు ఆయన విద్వత్తు ఎవరికి? దొర తప్పు చేసిన నది నేరము గాదు, వెట్టికి రానన్న మాదిగవాడు నేరస్థుడు. ఇట్టి వ్యవస్థను సాలారుజంగు సృష్టింపలేదు. దానిని కదలింపకయే దానిపై కొత్త భవనమును కట్టెను.

నాలుగవది, ఆయన చట్టము చేరని భూమి. రాజ్యములో దివానీ యిలాకా కొంత భాగము మాత్రమే. నిజాముగారి సొంత సర్ఫేఖాసు వేరు, పైగా అమీరుల యిలాకాలు వేరు, జాగీరులు వేరు, సంస్థానములు వేరు. పెద్ద జాగీరుదారులకు తమ న్యాయస్థానములు, తమ పోలీసు ఉండెను. సాలారుజంగు తానే పెద్ద జాగీరుదారుడు. ప్రభుత్వ తాలూకాలలో గుత్తదారుని తొలగించిన చేయి, తన వర్గమువారి యిలాకాల సరిహద్దుకడ ఆగిపోయెను. సంస్కర్తలకు తమ వాకిలి దాటి సంస్కరించుట సులభము, వాకిటి లోపల సంస్కరించుట కష్టము. ఇది ఆయనకొక్కనికే చెల్లు మాట గాదు.

1869లో అఫ్జలుద్దౌలా గతించెను. మూడేండ్లైనను నిండని మీర్ మహబూబ్ అలీఖాను నిజాము అయ్యెను. సాలారుజంగు, షంసుల్ఉమరా రాజప్రతినిధులైరి. అప్పటినుండి దివానునకు స్వేచ్ఛ లభించెను. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలుమార్గము వచ్చెను. దారుల్ఉలూము పాఠశాల అంతకు పూర్వమే యాయన స్థాపించినది. ఉత్తర హిందూస్థానమునుండి సయ్యదు హుసేను బిల్గ్రామీ, మొహిసినుల్ముల్కు, చిరాగ్ అలీ వంటి విద్యావంతులను రప్పించి పాలనమున నియమించెను. వారు సమర్థులే. కాని తెలుగు, మరాఠీ, కన్నడము మాట్లాడు ప్రజలను పాలించు నుద్యోగులలో ఆ భాష లెరిగినవారెందరని అడుగువాడు లేకపోయెను. ముల్కీ, గైరుముల్కీ తగవునకు విత్తన మచ్చటనే పడెను.

1876లో ఆయన యూరపు ఖండమునకు పోయెను. పారిసులో జారిపడి కాలికి గాయమయ్యెను. లండనులో విశేష గౌరవములు జరిగినవి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము డాక్టరు బిరుద మిచ్చెను. బీరారు మాత్రము ఇయ్యలేదు. బిరుదములు, విందులు ధారాళము, న్యాయము మాత్రము మృగ్యము. బీరారు కొరకు పట్టుపట్టుటచే లిట్టను ప్రభువునకు ఆయనపై నాగ్రహము కలిగెను. 1877లో సహరాజప్రతినిధి మరణింపగా, దివానునకు విరోధియైన రషీదుద్దీనుఖానునే ఆ స్థానమున కూర్చుండబెట్టిరి. ఇరువదేండ్ల క్రిందట ఎవరి ప్రాణమును కాపాడెనో వారే ఆయన చేతులు కట్టిరి. 1883 ఫిబ్రవరి 8వ తేదీన కలరా సోకి సాలారుజంగు హఠాత్తుగా మరణించెను. అప్పటి కాయనకు యాబదినాలుగేండ్లు. ముప్పదియేండ్లు ఒక్క మనుష్యుడు ఒక రాజ్యమును మోసెను.

ఆయన కట్టినదానికిని, కట్టక విడిచినదానికిని ఫలిత మెచ్చట కనబడెనని యెవరైన అడిగినచో జనగామ తాలూకాను చూపవలెను. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి యధికారము అరువది గ్రామములపై సాగెనని, ఆతని భూమి నలుబదివేల ఎకరములని తెలంగాణ పోరాటమును గూర్చి వ్రాసినవారు చెప్పుచున్నారు. కామారెడ్డిగూడెమునకు చెందిన షేక్ బందగీ యను బీదరైతు తన భూమికొరకు దేశముఖు అండగలవారితో కోర్టుల కెక్కి పోరాడి గెలిచెను. 1940లో ఆతని దారికాచి చంపిరి. ఈ యొక్క వృత్తాంతమునందు తెలంగాణ న్యాయచరిత్ర యంతయు ఇమిడియున్నది. న్యాయస్థానము లేదా? ఉన్నది. జడ్జి యన్యాయముగా తీర్పిచ్చెనా? లేదు. డిక్రీ చేతికి వచ్చెను, ప్రాణము పోయెను. డిక్రీని కాగితమునుండి భూమిమీదికి దింపు బలము ఆ రాజ్యమునకు లేకపోయెను, లేక ఉండియు నది గడీవైపున నిలిచెను.

పాలకుర్తిలోని చాకలి ఐలమ్మ కథయు అట్టిదే, అయినను ముగింపు వేరు. నాలుగెకరముల కౌలు భూమి, దానిపై పండిన పంట, దానిపై దేశముఖు కన్ను. ఆమెపైనను ఆంధ్రమహాసభవారిపైనను క్రిమినలు కేసులు పెట్టిరి. సంఘము ఆమెకు అండ నిలిచెను, వకీళ్లు వాదించిరి, కోర్టున ఆమె గెలిచెను. పంట గడీకి పోక ఆమె యింటికే చేరెను. బందగీ ఒంటరివాడు, ఐలమ్మ వెనుక ఊరుండెను. తీర్పు రెండు సందర్భములందును ఒక్కటియే. భేద మంతయు తీర్పు వెనుక నిలిచిన జనములో నున్నది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొర మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆ తుపాకిని పట్టుటకు పోలీసు రాలేదు. దాని పిమ్మట జనులు న్యాయస్థానముపై నమ్మకము వదలి తామే లాఠీలు పట్టిరన్న నాశ్చర్య మేమున్నది?

1923 ప్రాంతమునుండి వెట్టిని నిషేధించుచు, పరిమితము చేయుచు ఫర్మానులు వెలువడుచునే యున్నవి. 1936లో భగేలా ఒప్పందములపై చట్టమును వచ్చెను. వెట్టి మాత్రము నిలువలేదని చెప్పువారు లేరు. ఆ యుత్తరువులను చదివి వినిపింపవలసినవాడు పట్వారీ, అమలు జరుపవలసినవాడు పటేలు. వెట్టి చేయించుకొనువారును వారే, వారి దొరలే. అడవిసీమలలోనిది మరియొక విధమైన దుఃఖము. నేటి భూపాలపల్లి పరిసరములందును, మహబూబాబాదు జిల్లాలోని గూడూరు, కొత్తగూడ ప్రాంతములందును కోయలు, లంబాడీలు కాగితము లేని భూమిని తాతలనాటినుండి సాగుచేసికొనుచుండిరి. కాగితమును మాత్రమే నమ్ము న్యాయస్థానము ముందు కాగితము లేనివాడు ముందుగానే యోడినవాడు. 1970 నాటి భూబదలాయింపు నిబంధన షెడ్యూలు ప్రాంతముల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని శాసించెను. ఆ శాసనమును అమలుపరచుటలోని జాప్యమే నేటికిని అచ్చటి తగవులకు మూలము.

సాలారుజంగు వదలిన పనులు ఆయన పోయిన పిమ్మట ఒక్కొక్కటిగా తీరినవి. 1949లో జాగీరులు రద్దయినవి, జాగీరుదారుని న్యాయస్థానమును దానితోడనే పోయెను. 1950 నాటి కౌలుదారీ చట్టము దున్నువానికి హక్కు నిచ్చెను. రాజ్యాంగము న్యాయశాఖను కార్యనిర్వాహకశాఖనుండి వేరుచేయవలెనని ఆదేశించెను. 1974లో అమలులోనికి వచ్చిన క్రిమినలు విచారణ చట్టముతో ఆ పని దేశమంతట పూర్తియయ్యెను. 1984లో వంశపారంపర్య పటేలు పట్వారీ వ్యవస్థ తీసివేయబడెను. గొలుసులోని మొదటి కొక్కెము విరుగుటకు నూరేండ్లకు పైగా పట్టినదన్నమాట. 2023లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము తెలుగున నొక తీర్పు వెలువరించెను. పారసీకమునుండి తెలుగునకు వచ్చుట కెన్ని తరములు కావలసివచ్చినవో పాఠకులే లెక్కింతురు గాక. 2024 జూలై 1వ తేదీనుండి 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చెను.

ఇన్ని జరిగిన పిమ్మటను సాలారుజంగు జీవితమునుండి మనము నేర్వవలసిన దున్నదా? ఉన్నదనియే మా విశ్వాసము. పై చివర సంస్కారము చేయుటకు ఒక బుద్ధిశాలి చాలును. ఆయన జిల్లాలను గీచును, పీఠములను నిలుపును, పేరులను మార్చును. క్రింది చివర సంస్కారము చేయుటకు ఒక్కడు చాలడు. అచ్చట ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొను చేయి ఎవరిదో, సాక్షికి రక్షణ కలదో లేదో, కోర్టు భాష కక్షిదారునకు తెలియునో తెలియదో, గెలిచినవానికి భూమి దక్కునో దక్కదో యని దినదినమును కనిపెట్టుచుండు జనము కావలెను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లులలో కొత్త న్యాయస్థానములు వెలసినవని మేము సంతసించుచున్నాము. వానికి చక్కని భవనములును, చాలినంతమంది న్యాయాధిపతులును, పేదలకు ఉచితముగా వాదించు వకీళ్లును కావలెను.

ఈ పత్రికను చదువు భూస్వాములతోను, పురవాసులతోను మేమొక మాట స్పష్టముగా చెప్పవలెను. గడీలు కూలినవి, కొన్ని పాడుపడి గబ్బిలములకు నెలవులైనవి. గడీ యన్నది సున్నపుగోడల కట్టడము మాత్రమే గాదు. ఊరిలో ఒక్కని మాటకు ఠాణా కదలి, మరియొకని యేడ్పునకు కదలకుండునంత కాలము అచ్చట గడీ నిలిచియే యున్నది; అందు కాపురముండువాడు దేశముఖు కావచ్చును, ధనికుడు కావచ్చును, ప్రజలు ఎన్నుకొనిన ప్రతినిధియే కావచ్చును. సాలారుజంగు న్యాయస్థానమును కట్టి గడీని విడిచిపెట్టెను. బందగీ రక్తము దాని వెల. రాజ్యములు మారినవి, చట్టములు మారినవి. ఇక గడీని కూల్చుపని దివానులది గాదు, మనది.